కుంకుమ ప్లస్‌కు, విభూతి మైనస్‌కు

ఈ పొద్దున మా అపార్ట్‌మెంట్ కింద ఎవరి కారో మొరాయించింది. తాళం తిప్పిన ప్రతిసారీ ఇంజను నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు ఒక మూలుగు మూలిగి మళ్ళీ ముసుగు తన్నుతోంది. నేను రెండో అంతస్తు బాల్కనీలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. గ్లాసు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే లోపల మా అమ్మ మిక్సీ వేసింది.

"అమ్మా, కాసేపు మిక్సీ ఆపు."

"చట్నీ వద్దా?"

"కావాల. కానీ ఆపు."

ఆపింది. కింద మూలుగు మళ్ళీ వినిపించింది, ఈసారి ఇంకాస్త పొడుగ్గా, ఇంకాస్త దిగులుగా. చివరికి ఇంజను ఎలాగో అందుకుంది, కారు గేటు దాటి వెళ్ళిపోయింది. కాఫీ చల్లారేదాకా నేను అక్కడే నిలబడి, ఆ బ్యాటరీ ఈ నవంబరు వానలు దాటదని తీర్పు చెప్పాను. వినడానికి పావురాలు తప్ప ఎవరూ లేరు. ఇలాంటి తీర్పులు చెప్పడం నాకు నేర్పిన మనిషి ఉండి ఉంటే, "వానలు పోయేదాకా ఎందుకురా, దీపావళి దాటితే గొప్ప" అని ఉండేది. ఆ రోజుల్లో అయితే ఈ కాఫీ కూడా చల్లారేది కాదు. ఈ వేళకు ఆమె కారు మా వీధి చివర నిలబడి హారన్ కొడుతూ ఉండేది, నేను కాఫీ తాగకుండానే పరిగెత్తేవాణ్ణి.

ఆమె పేరు వసుంధర. నేను మొదట ఉద్యోగంలో చేరిన మద్రాసు శివారు అంబత్తూరు కంపెనీలో పర్చేజ్ సెక్షన్ మేనేజరు, అంటే నా బాసు. ఆ కంపెనీ రబ్బరు వాషర్లు చేసేది. వాటి మీద ఇంతవరకు ఎవరూ కవిత్వం రాయలేదు, ఇకముందూ రాయరు. సరుకు తెచ్చేవాళ్ళు ఆమె గది తలుపు తట్టే ముందు చొక్కా గుండీలు సరిచూసుకునేవాళ్ళు. నేను చేరిన కొత్తలో ఆమె నన్ను తమిళంలో తిట్టేది, నేను తమిళంలో సంజాయిషీ చెప్పేవాణ్ణి. మా ఇద్దరి ఇళ్ళల్లోనూ తెలుగే మాట్లాడతారన్న సంగతి ఇద్దరికీ తెలియదు. ఒకరోజు రైలు దిగి ఆలస్యంగా వచ్చి, మెట్ల కింద నిలబడి అమ్మకు ఫోన్ చేస్తున్నాను. "వచ్చేసినాలే అమ్మా. మేడమ్ ఇంకా చూడలేదు" అన్నాను.

"చూసినా" అని వెనకనుంచి తెలుగులో వినిపించింది.

ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగి చూశాను. చేతిలో టిఫిన్ డబ్బాతో ఆమె.

"ఏ ఊరు మీది?"

"పెరంబూరు మేడమ్."

"అది నీ బయోడేటాలో ఉండాది. అంతకు ముందు?"

"అంతకు ముందూ పెరంబూరే. మా తాత కాలంనుంచీ ఆడే ఉండాము."

"మరి ఇన్నాళ్ళూ నాతో తమిళం ఎందుకు మాట్లాడినావు?"

"మీరు తమిళంలో తిట్టినారు కదా మేడమ్. మర్యాదకు అదే భాషలో జవాబు చెప్పినా."

ఆమె నవ్వలేదు. నా జోకులకు నవ్వకపోవడం ఆమెకు చివరిదాకా ఉన్న ఒక క్రమశిక్షణ. "రైలుకు నువ్వు లేటు, నీకు రైలు లేటు, మధ్యలో నా పని లేటు. రేపటినుంచి నా బండిలో రా. నేనూ పెరంబూరే" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. అది ఆహ్వానమో శిక్షో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, జీవితంలో నాకు దొరికిన మంచివన్నీ మొదట శిక్షల్లాగే వచ్చాయి.

బండి చిన్నది, పాతది, వెండిరంగుది. వెండిరంగు అని రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండేది. కంటికి మాత్రం సత్తుగిన్నె రంగు. మొదటిరోజు ముందు సీట్లో కూర్చుని, మంచి అభిప్రాయం కలిగించాలని వాతావరణం గురించి ఏదో మొదలుపెట్టాను.

"చుమ్మా ఉండు" అంది. మద్రాసు తెలుగిళ్ళలో ఊరుకోమనడానికి తెలుగు మాట వాడరు, తమిళ మాటకే ఆ పదునుంది. అద్దాలు పైకెత్తింది. రేడియో ఆపింది. కళ్ళు మూసుకుని తాళం తిప్పింది. ఇంజను తిరిగింది, అందుకుంది. గుళ్ళో హారతి అయ్యాక తెరిచినట్టు కళ్ళు తెరిచింది.

"ఊఁ. ఇప్పుడు చెప్పు."

"ఏం చేసినారు మేడమ్? ప్రార్థనా?"

"విన్నా. పొద్దున మొదటిసారి తిప్పినప్పుడు బండి నిజం చెప్తాది. ఆ తర్వాత ఎన్నిసార్లు తిప్పినా అబద్ధమే, వేడిగా ఉంటాది కాబట్టి. ఆ ఒక్కసారీ మనం నోరు మూసుకోవాల. ఇంకొకటి. ఆఫీసులో మేడమ్‌ను. ఈడ అత్తను. ఈడ తమిళం మాట్లాడితే దింపేస్తా."

అలా రోజూ పొద్దున పెరంబూరునుంచి అంబత్తూరు దాకా, సాయంత్రం అంబత్తూరునుంచి పెరంబూరు దాకా, నాకొక తెలుగుదేశం ఏర్పడింది. దాని విస్తీర్ణం రెండు ముందు సీట్లు. వెనక సీటు నిండా శాంపిల్ వాషర్లు. ఇంట్లో అమ్మతో నేను మాట్లాడేది అన్నం, చట్నీ, చొక్కా ఇస్త్రీ వరకే. నవ్వడానికి, కోప్పడటానికి, ఒకరి గురించి ఒకరికి చెప్పుకోవడానికి కూడా ఆ భాష పనికొస్తుందని నాకు తెలిసింది ఆ కారులోనే. ఇప్పుడు ఇలా రాస్తున్నానంటే దానికి మూలం ఏ బడీ కాదు, దారిలో పాడి అనే చోట వంతెన మీద ఆగిపోయిన ట్రాఫిక్కు.

ఆ మొదటిరోజే డ్యాష్‌బోర్డులో గడియారం చూశాను. ఆకుపచ్చ అంకెలు. నా ఫోనుతో పోల్చుకుని, ఉత్సాహం ఆపుకోలేక, "అత్తా, మీ గడియారం తప్పు" అన్నాను.

"తప్పు కాదు. మీ మామ పెట్టినాడు. పది నిమిషాలు తీసేసుకో."

మామ అంటే ఆమె భర్త. నేను చేరడానికి కొన్నేళ్ళ ముందే పోయాడు. రైల్వే ఆఫీసులో పనిచేసేవాడట. రైళ్ళు వేళకు నడుస్తున్నాయో లేదో చూసే ఆఫీసులో ఉంటూ, ఒక్క పెళ్ళికీ ఒక్క సినిమాకీ వేళకు వెళ్ళిన మనిషి కాదట. చివరికి తనను తానే మోసం చేసుకుందామని కారు గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పాడు. "అయితే వేళకు పోయేవాడా?" అని అడిగాను. "యాడ? పది నిమిషాలు ముందుండాదని ఆయనకు తెలుసు కదా. ఆ పది నిమిషాలూ కూర్చుని పేపరు చదివేవాడు" అంది అత్త. ఆ మాట చెబుతూ నా వైపు ఒకసారి చూసింది. వేళకు రాని మనుషులూ, సమయం సందర్భం లేని జోకులూ ఆమెకు కొత్త కాదని, నన్ను బండి ఎక్కించుకోవడంలో అంబత్తూరు పని ఒక్కటే కారణం కాదని, నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టడంలో కూడా లేటే.

ఆమె దగ్గర నేను నేర్చుకున్న బ్యాటరీ శాస్త్రం పాఠాలుగా రాలేదు. ఆఫీసులో ఎవరి కారు ఆగితే వాళ్ళు ముందు ఆమె కిటికీ కిందికి వచ్చేవాళ్ళు. ఒకరోజు అకౌంట్సు సెల్వం వచ్చి, ఏడుపు ఒక్కటే తక్కువగా, తన కారు చచ్చిపోయిందన్నాడు. ఆమె టీ కప్పుతో కిందికి దిగి, బానెట్ తెరవకుండానే ప్రశ్నలు మొదలుపెట్టింది. రాత్రి లోపలి లైటు వేసి మరిచిపోయావా? లేదన్నాడు. పోయిన నెలలో ఇలాగే ఆగిందా? ఒకసారి తోసి స్టార్ట్ చేశానన్నాడు. ఇంజను నడుస్తూ ఉంటే హెడ్‌లైటు మందంగా ఉందా, యాక్సిలరేటరు తొక్కితే వెలుగు పెరుగుతోందా? సెల్వం ఎప్పుడూ గమనించలేదు. పక్క కారునుంచి కేబుళ్ళు తగిలించి స్టార్ట్ చేయించి, గోడ మీద పడిన వెలుగును అతనికే చూపించింది. అప్పుడు బానెట్ తెరిచి, బ్యాటరీ పక్కలు ఉబ్బాయా, కుళ్ళిన గుడ్డు వాసన వస్తోందా అని చూసింది. ఆ వాసన కోసం నన్ను కూడా వంగమంది. నాకు అందులో సెల్వం లంచ్ వాసన తప్ప ఏమీ తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో అంతా విడమరిచి చెప్పింది. "మొదటిసారి ఆగితే మన మరుపు. ఏదో లైటు వేసి మరిచిపోయుంటాము. దానికి బ్యాటరీని తిట్టకూడదు, చార్జి చేసి ఊరుకోవాల. రెండోసారి ఆగితే, బండి నడస్తా ఉన్నప్పుడు దానికి చార్జి ఎక్కతా ఉండాదా లేదా చూడాల. ఎక్కకపోతే తప్పు చార్జి ఎక్కించే ఆల్టర్నేటరుది, కొత్త బ్యాటరీ వేసినా అదీ చస్తాది. అది సరిగా ఉండి కూడా ఆగితే, అప్పుడు వయసు. వయసుతో వాదించకూడదు. మార్చెయ్యాల."

"మూడోసారి దాకా ఆగితే?"

"ఆగినోడు నడిచి పోతాడు."

మద్రాసులో బ్యాటరీని చంపేది మే నెల ఎండ అనీ, అది చచ్చిన సంగతి మాత్రం నవంబరు వానలో బయటపడుతుందనీ, జనం పాపం వానను తిట్టుకుంటారనీ ఆమె చెప్పేది. నాకు ఆ మాట నచ్చి ఆఫీసులో నాదిగా చెలామణి చేశాను.

ఆ ఏడు ఆయుధ పూజకు ఫ్యాక్టరీలో లేత్‌లకు, ఫోర్క్‌లిఫ్టుకు, చివరికి క్యాంటీన్ గ్రైండరుకు కూడా బొట్లు పెట్టారు. అత్త కారు బానెట్ ఎత్తింది. లోపల చూసి నేను ఆశ్చర్యపోయాను. బ్యాటరీ పైభాగం అద్దంలా తుడిచి ఉంది. టెర్మినళ్ళ సీసం మెరుస్తోంది. కానీ రెండు కేబుళ్ళ చివరల్లో, టెర్మినళ్ళను పట్టుకునే క్లాంపుల మీద మాత్రం, ఒకదానిమీద గంధం పూసి మందంగా అద్దిన ఎర్రటి కుంకుమ బొట్టు, ఇంకోదానిమీద అంతే మందంగా తెల్లటి విభూతి. ఎండి, గట్టిపడి, అంచుల్లో కాస్త పచ్చబారి ఉన్నాయి.

"ఇదేంది అత్తా, దీనికి పెళ్ళి చేసినారా?"

"మీ మామ పని. ప్రతి ఆయుధ పూజకు పాతదాని మీదే కొత్త బొట్టు. కుంకుమ ప్లస్‌కు, విభూతి మైనస్‌కు. ఆయనకు ఏది ముందు విప్పాలో ఏది ముందు తగిలించాలో ఎప్పుడూ గుర్తుండేది కాదు. అందుకని ఒక లెక్క పెట్టుకున్నాడు. పోయేటప్పుడు విభూతి ముందు, వచ్చేటప్పుడు కుంకుమ ముందు. పాత బ్యాటరీ పోయేటప్పుడు మైనస్ ముందు విప్పాల. కొత్తది వచ్చేటప్పుడు ప్లస్ ముందు తగిలించాల."

అలా కాకుండా తిరగేసి చేస్తే ఏమవుతుందని అడిగాను. ప్లస్ విప్పేటప్పుడు చేతిలో స్పానరు కారు ఇనుముకు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, మైనస్ ముందే తీసేస్తే ఆ భయం లేదు అంది. ఆ రెండు బొట్ల చుట్టూ గుడ్డతో తుడిచింది, ముగ్గు తొక్కకుండా ఊడ్చేవాళ్ళలాగా. ఆయన పోయిన తర్వాత కొత్త బొట్టు ఆమె పెట్టలేదు, పాతది తీయలేదు.

వానలు మొదలైనప్పుడు అత్త బండి మూలగడం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు మూసుకునే ఉంది, విన్నది. నేనూ విన్నాను, ఆపాటికి నాకూ చెవి వచ్చింది. వారం తిరక్కముందే మా వీధి మలుపులో ఆగింది. నేను దిగి తోశాను. ఆ తర్వాత ఆమె ఎక్కడ బండి నిలిపినా ముక్కు పల్లానికి ఉండేలా నిలపడం మొదలుపెట్టింది. మద్రాసులో పల్లం వెతకడమంటే ఎడారిలో పడవ వెతకడమే. ఆఫీసులో సరుకు దించే ర్యాంపు ఒక్కటే దిక్కయింది. రోజూ సాయంత్రం పర్చేజ్ మేనేజరు కారును పర్చేజ్ అసిస్టెంటు ర్యాంపు మీదనుంచి తోయడం, సెక్యూరిటీ వాళ్ళు సెల్యూట్ చేయడం. ఊరందరి బ్యాటరీలనూ వాటి ఆయుష్షు తీరకముందే మార్పించిన మనిషి తన బండికి మాత్రం నన్ను బ్యాటరీగా పెట్టుకుంది.

"అత్తా, మామూలుగా అడగతా ఉండా. మీరు మొదటిసారి మరుపు అన్నారు, రెండోసారి చార్జి అన్నారు, మూడోసారి వయసు అన్నారు. ఇది ఎన్నోసారో నాకు లెక్క తప్పింది. నా నడుముకు మాత్రం గుర్తుండాది."

వైపర్లు నీరసంగా తిరుగుతున్నాయి, వాటికీ కరెంటు చాలడం లేదు.

"బ్యాటరీ విప్పితే ఆ గడియారం పోతాదిరా" అంది.

నేను ఆకుపచ్చ అంకెల వైపు చూశాను.

"కరెంటు ఆగినాదంటే ఒంటిగంటకు పోయి మిణుకు మిణుకుమంటా ఉంటాది. మళ్ళీ పెట్టుకోవచ్చు, అది నాకూ తెలుసు. కానీ అప్పుడు అది నేను పెట్టింది అవతాది. ఇంట్లో ఆయన చొక్కాలు ఇచ్చేసినా. కళ్ళజోడు ఇచ్చేసినా. ఇది ఒకటి ఆయన చేత్తో పెట్టింది, ఇంకా నడస్తా ఉండాది."

ఇలాంటప్పుడు జోకు వేయడం నా వృత్తి. ఆ రోజు షాపు మూసేశాను. కాసేపటికి, "కరెంటు ఆగకుండా మార్చడానికి దారి లేదా?" అని మాత్రం అడిగాను.

"ఎందుకు లేదు? ఇంకో చిన్న బ్యాటరీ తెచ్చి కేబుళ్ళతో పక్కనుంచి కరెంటు ఇస్తా ఉంటే, ఇది విప్పినా గడియారానికి తెలియదు. పోయినసారి అట్లే చేసినాము. ఆయన క్లిప్పు పట్టుకున్నాడు, నేను మార్చినా. ప్లస్ కేబుల్లో అప్పుడూ కరెంటు ఉంటాది కాబట్టి, ఒకరు కదలకుండా పట్టుకోవాల. రెండు చేతులు చాలవురా. నాలుగు కావాల."

"నాకు రెండుండాయి."

"నీకు నోరు కూడా ఉండాది. అదే భయం."

ఆ ఆదివారం పొద్దున వాన తెరిపి ఇచ్చింది. ఆమె ఇంటి ముందు, చీర మీద మామ పాత చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉంది, చొక్కాలన్నీ ఇచ్చేయలేదన్నమాట. గాజులు తీసి స్టీలు గ్లాసులో వేసింది, నా ఉంగరం కూడా అందులో వేయమంది. లోహం తగిలితే వేలు కాలుతుందట. కొత్త బ్యాటరీ ముందురోజే కొని తెచ్చింది. షాపులో తయారీ తేదీ చూసి, పాతదానిలాగే ప్లస్ అదే పక్కన ఉందో లేదో చూసి మరీ తెచ్చింది, లేకపోతే కేబుల్ అందదు. నేను మా చెల్లెలి స్కూటరు బ్యాటరీ అడిగి తెచ్చాను. చెల్లెలు దాన్ని అడగడం అనలేదు, వేరే మాట అంది. డ్రైవరు పక్క తలుపు బార్లా తెరిచి ఉంచాం, గడియారం కనబడేలా. అత్త నల్ల క్లిప్పును ఇంజను ఇనుముకు తగిలించింది. ఎర్ర క్లిప్పును ప్లస్ క్లాంపు మీద తనే కరిపించి, నా చెయ్యి దానిమీద పెట్టింది.

"గట్టిగా పట్టుకో. జారనియ్యొద్దు. నవ్వొద్దు."

"ఊపిరి తీసుకోవచ్చా?"

"తక్కువగా."

నేను జీవితంలో దేన్నీ అంత గట్టిగా పట్టుకోలేదు. ఆమె మైనస్ బోల్టు వదులు చేసింది. విభూతి ముందు. క్లాంపును అటూ ఇటూ మెల్లగా తిప్పి, పైకి ఎత్తి, పక్కకు వంచింది. "చూడు" అంది. నేను చెయ్యి కదపకుండా మెడ మాత్రం చాచి తలుపులోంచి చూశాను. అంకెలు ఉండాల్సిన చోట నల్లటి గాజు ఉంది.

నా ముఖం చెప్పింది. ఆమె తనే వచ్చి చూసింది, కాసేపు అక్కడే వంగి నిలబడింది. తర్వాత వెనక్కి వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి క్లిప్పు తీసి చూసింది. క్లిప్పు ఎక్కడికీ జారలేదు. దాని పళ్ళు కరిచి పట్టుకున్నది క్లాంపు సీసాన్ని కాదు, కుంకుమ బొట్టును. ఏళ్ళ తరబడి గంధం మీద గంధం, కుంకుమ మీద కుంకుమ చేరి రాయిలాగా గట్టిపడిన పొర. కరెంటు దాన్ని దాటి రాలేకపోయింది. బ్యాటరీలో ప్రతి అంగుళం శుభ్రం చేసిన మనిషి, ఆ ఒక్క చోటనే చెయ్యి వేయకుండా కాపాడుకుంటూ వచ్చింది.

వీధిలో ఎవరో సైకిల్ మీద పాలు తీసుకుని వెళ్ళారు. మేడ మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు.

"చూసినావా?" అంది చివరికి. "పెట్టిందీ ఆయనే, తీసేసిందీ ఆయనే. నన్ను ఒక్క మాట అడిగి చేసినాడా ఏమన్నా?"

నవ్విందని రాస్తే సగం నిజం. మెట్టు మీద కూర్చుని ఆ చొక్కా చేతితోనే ముఖం తుడుచుకుంది. కాసేపటికి లోపలికి వెళ్ళి వేడినీళ్ళలో వంటసోడా కలిపి తెచ్చింది. పాత టూత్‌బ్రష్షుతో రెండు క్లాంపులనూ తోమింది. తెలుపు ముందు కరిగింది, ఎరుపు చాలాసేపు పట్టింది. రెండూ కలిసి లేత గులాబీరంగులో వాకిట్లోంచి కాలువలోకి పోయాయి. తర్వాత పాత బ్యాటరీ ఇద్దరం దించాం, కొత్తది కూర్చోబెట్టాం, కదలకుండా పట్టీ బిగించాం. కుంకుమ ముందు, విభూతి తర్వాత. ఇప్పుడు అక్కడ రెండూ లేవు, అయినా ఇద్దరం అలాగే అన్నాం. పైన కాస్త వాజెలిన్ రాసింది, తుప్పు పట్టకుండా. గడియారం ఒంటిగంట దగ్గర మిణుకుమంటోంది.

అత్త వెళ్ళి నేను రోజూ కూర్చునే సీట్లో కూర్చుంది. నన్ను స్టీరింగు ముందు కూర్చోమంది.

"నువ్వు పెట్టు."

"నేనా?"

"నీ చేతికి ఏమన్నా రోగమా?"

బటన్ మీద వేలు పెట్టి, ఫోనులో టైము చూసుకుని, "ఎంత ముందు పెట్టాలత్తా?" అని అడిగాను.

"నువ్వు ఎంత లేటో అంత."

పది నిమిషాలు పెట్టాను. "తక్కువ చెప్తా ఉండావు" అంది. కానీ మార్చమనలేదు. అద్దాలు ఎత్తింది. తిప్పమన్నట్టు చెయ్యి చూపి కళ్ళు మూసుకుంది. తాళం తిప్పాను. ఇంజను మొదటి మాటకే పలికింది.

"ఊఁ. ఇప్పుడు చెప్పు."

"ఏం లేదత్తా."

"ఏందిరా, నీ బ్యాటరీ కూడా పోయినాదా?"

ఆమె అంతకు ముందు జోకు వేయగా నేను వినలేదు. ఆ తర్వాత మాత్రం తరచుగా వేసేది, నేను నవ్వేవాణ్ణి కాదు. న్యాయం న్యాయమే.

రిటైరైన మరుసటి ఏడు, ఎండలు ముదరకముందే, అత్త పోయింది. గుండె ఆగిందన్నారు. నిలబడి పప్పు డబ్బా మూత తీస్తోందట. అంతకు ముందు ఒక మూలుగు లేదు, మందగించిన వెలుగు లేదు. ఉన్నా వినే హక్కు నాకు ఆమె ఇవ్వలేదు. ఆమె సూత్రం ప్రకారం మొదటిసారి ఆగితే అది మన మరుపే అయి ఉండాలి. ఏ లైటు వేసి మరిచిపోయామో అని చాలా రోజులు వెతికాను. రెండో అవకాశం, మూడో అవకాశం అని అందరికీ లెక్క చెప్పిన మనిషి తన విషయంలో ఒక్కదానితోనే సరిపెట్టింది. ఆమెతో ఈ విషయం మీద వాదించాలని ఇప్పటికీ ఉంది.

గూడూరునుంచి ఆమె తమ్ముడు వచ్చి ఇల్లు ఖాళీ చేసి కారు అమ్మేశాడు. తీసుకెళ్ళే ముందు నన్నే ఒకసారి స్టార్ట్ చేసి చూపమన్నాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. గడియారం పది నిమిషాలు ముందు నడుస్తోంది. కొన్నవాడు దాన్ని సరిచేసుకునే ఉంటాడు. చేసుకోవాలి కూడా, అతనెవరో పాపం వేళకు వెళ్ళాల్సినవాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా నేను చెవితోనే చూశాను.

ఈ సాయంత్రం కింద పార్కింగ్‌లో పొద్దుటి కారు ఓనరు కనబడ్డాడు. కొత్తగా వచ్చిన తమిళాయన, ఇళంగో అని పేరు. బ్యాటరీ మార్చుకోవడం మంచిదని చెప్పాను. "నా బండి మీరెప్పుడు చూశారు?" అని అనుమానంగా అడిగాడు. చూడలేదు, విన్నానన్నాను. అతను నా వైపు ఇంకా అనుమానంగా చూశాడు. లైటు వేసి మరిచిపోయారా, ఇంతకు ముందు ఆగిందా, హెడ్‌లైటు ఎలా ఉంది అని నేను వరసగా అడుగుతుంటే, నా గొంతులో ఎవరిదో దబాయింపు వినిపించి నాకే నవ్వొచ్చింది. చివరికి, ఆదివారం మార్చుకుందాం, నేను క్లిప్పు పట్టుకుంటాను, కానీ ముందు క్లాంపులు శుభ్రంగా తోమాలి అన్నాను. సరేనని చేతి గడియారం చూసుకున్నాడు. నేనూ చూసుకున్నాను. "మీది పది నిమిషాలు ముందుందండీ" అన్నాడు.

"తెలుసు" అన్నాను.

ఆ పది నిమిషాల్లో నేను అత్తతో ఉంటానని రాస్తే ఈ వ్యాసానికి బాగుంటుంది. నిజానికి ఆ పది నిమిషాల్లో నేను చెప్పులు వెతుక్కుంటూ ఉంటాను. ఇంకా లేటే.

కానీ నాకూ ఇప్పుడొక పాత బండి ఉంది. పొద్దున కూర్చోగానే అద్దాలు ఎత్తుతాను, ఫోను మూసేస్తాను, పక్కన అమ్మ ఉన్నా సరే ఊరుకోమంటాను. తాళం తిప్పుతాను. ఇంజను అందుకుంటుంది. వెంటనే గేరు వేయను, కాసేపు ఆగుతాను. పక్క సీటునుంచి ఎవరూ "ఊఁ, ఇప్పుడు చెప్పు" అనరు.

చెప్పడానికి ఎంతో ఉంది.